బీరువా ఫొటో ఇవ్వని సుగుణరత్నం గారు

2024 జూన్. ఎన్నికల ఫలితాలు వచ్చి, ఊరేగింపుల బాణసంచా చప్పుళ్ళు అణగి, ఏలూరులోని మా షాపుకి మళ్ళీ జనం రావడం మొదలైన రోజులు. మాది తుపాకుల షాపు. ఈ మాట చెప్పగానే కొత్తవాళ్ళు ఒక అడుగు వెనక్కి వేసి నన్ను చూస్తారు. అంతా సినిమాల పుణ్యం. నిజానికి నా పనిలో ముప్పాతిక వంతు తుప్పుతో తగువు. కొల్లేరు చుట్టుపక్కల గాలిలో ఉండే చెమ్మకి ఇనుమన్నది ఏదీ నిలవదు. నూనె గుడ్డ, బ్రష్షు, ఓపిక ఉంటే చాలు, ఈ వ్యాపారం సాగిపోతుంది.

మిగతా పావు వంతు సేఫ్ కస్టడీ. లైసెన్సు ఉన్నవాళ్ళు ఎన్నికలొచ్చినప్పుడు తుపాకీని పోలీస్ స్టేషన్లోనో, నాలాంటి డీలరు దగ్గరో అప్పగించి రసీదు తీసుకోవాలి. అన్నీ అయ్యాక ఆ రసీదు చూపించి పట్టుకెళ్ళాలి. ఆ రోజుల్లో మా స్ట్రాంగ్ రూము, అంటే ఇనప తలుపున్న వెనక గది, నిండిపోతుంది. ఒక్కొక్క తుపాకీకీ అట్టముక్క కట్టి, దాని మీద యజమాని పేరూ ఊరూ పెద్దక్షరాలతో రాయడం మా నాన్నగారి నాటి నుంచి వస్తున్న పద్ధతి. కౌంటరు ముందు నిలబడ్డవాళ్ళకి కూడా ఆ పేర్లు కనిపించేవి. అదేమీ తప్పని ఎవరికీ తోచలేదు.

ఆ జూన్‌లో ఒక ఉదయం సుగుణరత్నం గారు వచ్చారు. మిషన్ స్కూల్లో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరయిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. కైకలూరు అవతల కొల్లేరు అంచున ఆవిడకో చేపల చెరువు, గట్టు మీద రెండు గదుల ఇల్లు ఉన్నాయి. తండ్రి గారి నుంచి వచ్చిన సింగిల్ బ్యారెల్ తుపాకీ, అంటే ఒక్క గొట్టంతో ఒకసారికి ఒక్క తూటా పట్టేది, తన పేర లైసెన్సు మార్పించుకుని ఉంచుకున్నారు. చేప పట్టుబడికి వచ్చే రోజుల్లో ఆ వైపు వలదొంగల బెడద ఉంది. పక్క చెరువు కాపలా మనిషిని ఒకసారి మంచానికి కట్టేసి చెరువంతా ఊడ్చుకుపోయారు కూడా. అప్పటినుంచీ తాడేపల్లిగూడెంలో ఉన్న తమ్ముడిది ఒకటే పాట. తుపాకీ ఉంటే ఉండు, లేదంటే చెరువు అమ్మేసి మా ఫ్లాట్‌కి వచ్చెయ్. తుపాకీ పోయిన రోజున ఆవిడ చెరువూ, గట్టూ, తన ఇష్టప్రకారం బతికే బతుకూ పోతాయన్నమాట.

నేను తుపాకీ తీసుకురాబోతుంటే ఆవిడ చెయ్యెత్తి ఆపారు.

"ఇప్పుడే వద్దండి ప్రసాదు గారూ. ఇంకొన్నాళ్ళు మీ దగ్గరే ఉంచండి. ఆ సర్వే సంగతి తేలాక పట్టుకెళ్తాను."

సర్వే గురించి నేనూ విన్నాను. దాన్ని నడిపిన కార్యాలయం పేరు రాయను. అక్కడివాళ్ళు ఇప్పటికీ నా షాపు తనిఖీకి వస్తుంటారు. లైసెన్సున్నవాళ్ళందరి పేరూ, డోర్ నంబరూ, ఫోన్ నంబరూ కొత్తగా ఒక యాప్‌లోకి ఎక్కించాలట. తుపాకీ దాచుకున్న చోటుని, బీరువా అయితే బీరువాని, ఫొటో తీసి లొకేషన్‌తో సహా పెట్టాలట. ఊళ్ళో ఇంటింటికీ తిరిగే సర్వే సిబ్బందే వచ్చి తీస్తారట. అది లేకపోతే రెన్యువల్ కాగితం ముందుకు కదలదట. ఆవిడ రెన్యువల్ ఆ వర్షాకాలంలోనే ఉంది.

నాకు అందులో అంత ఇదవ్వాల్సిందేమీ కనిపించలేదు. "ఏవండీ, మీ లైసెన్సుకి ఎప్పుడో యూఐఎన్ నంబరు వచ్చింది కదా. దేశం మొత్తానికి ఉన్న రికార్డులో మీ నంబరు ఉండనే ఉంది. కొత్తగా దాచేదేముందండీ?" అన్నాను.

"లైసెన్సు ఇచ్చినవాళ్ళ దగ్గర నా పేరుండాలండి. ఉండకపోతే తప్పు. నేను కాదన్నది అది కాదు. ఏ గదిలో, ఏ బీరువాలో ఉందో మా ఊరి సర్వే అబ్బాయి ఫోన్లో ఎందుకుండాలి?"

"దొంగల భయమాండీ?"

"దొంగ వస్తే తలుపేసుకుంటానండి. మా పెదనాన్న గారి మనవడు వచ్చి, ఒక్కపూట తుపాకీ ఇవ్వండి అత్తయ్యగారూ, చెరువు మీద పక్షుల్ని బెదరగొట్టుకుని ఇచ్చేస్తాను అంటే ఏం చెయ్యను?"

నేను పకపకా నవ్వాను. ఆవిడ నవ్వలేదు. ఆవిడ మాట నిజమని నవ్వు సగంలో ఉండగానే అర్థమైంది. మా వైపు ఎరువు అడగడం ఒక మర్యాద. ఇక్కడ ఎరువంటే పొలానికి వేసేది కాదు, వాడుకుని తిరిగిచ్చే లెక్కన తీసుకునేది. పెళ్ళికి గుండిగలు, చెరువుకి ఇంజను, చేనుకి స్ప్రేయరు, ఊరెళ్ళడానికి కారు. ఉన్నదని తెలిశాక లేదనడానికి నోరు రాదు. లేదన్నామంటే ఇక ఆ ఇంటికీ ఈ ఇంటికీ రాకపోకలు ఉండవు. కానీ తుపాకీ ఒకరి లైసెన్సు మీది ఇంకొకరి చేతికిస్తే నేరం. ఇచ్చినవాడి లైసెన్సు పోతుంది, ఇద్దరూ కోర్టు మెట్లెక్కాలి. పైగా కొల్లేరు పక్షుల మీద పేలిస్తే అది ఇంకో కేసు.

"ఆవిడ దగ్గర ఉందేమో అని ఊరనుకుంటే నాకు మంచిదేనండి," అన్నారు సుగుణరత్నం గారు. "ఆ 'ఏమో' ఉన్నంతకాలం దొంగా రాడు, చుట్టమూ అడగడు. ఫొటో పెడితే ఆ 'ఏమో' పోతుంది."

నాలుగు రోజులు తిరక్కుండానే ఆ మాట గణపవరం వైపు నిజమైంది. అక్కడ వీర్రాజు గారని పెద్ద రైతు, మా పాత ఖాతాదారు. ప్రభుత్వం అడిగితే ముందుగా ఇచ్చేది తానే కావాలని ఉబలాటం. బీరువా తలుపు తెరిచి, పక్కన నిలబడి మరీ ఫొటో తీయించుకున్నాడు. సర్వేకి వచ్చినవాళ్ళు మంచివాళ్ళే. మిగతావాళ్ళు కూడా త్వరగా ఇస్తారని, "సహకరించిన పెద్దలకు ధన్యవాదాలు" అని నమస్కారం బొమ్మ పెట్టి ఆ ఫొటోని ఊరి వాట్సాప్ గ్రూపులో వేశారు. మా జిల్లాలో నీళ్ళ ట్యాంకు శుభ్రం చేసినా, పశువులకి టీకాలేసినా ఫొటో గ్రూపులో పడాల్సిందే. తుపాకీ బీరువాకీ అదే మర్యాద దక్కింది.

మర్నాటికల్లా వీర్రాజు గారు తుపాకీని గోనెసంచిలో చుట్టుకుని మా షాపుకొచ్చేశాడు. మనిషి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఏం పాడైందండీ?" అన్నాను.

"ఏం పాడవలేదండి. పాడైందని మీరు చెప్పాలండి. మా తోడల్లుడు అడుగుతున్నాడు. వాళ్ళ చెరువు మీద గూడబాతులు దిగాయంట. బావ ఇస్తాడులే అని మా మరదలు కూరకి వంటింట్లో కూడా చెప్పేసింది. రిపేరుకిచ్చానన్నానండి. మీరు బాగుచెయ్యకండి."

ఆయన వెనకాలే ఇంకొందరు వచ్చారు. బాగున్న తుపాకులన్నీ మా షాపులో రోగిష్టివైపోయాయి. ఖాళీ కావాల్సిన స్ట్రాంగ్ రూము మళ్ళీ నిండింది. నాకు ఆదాయమే గానీ ఒళ్ళు మండింది. ఎవరి సొమ్ము వాళ్ళు బీరువాలో పెట్టుకోలేక, లేని జబ్బుకి నా దగ్గర మంచం వేయించుకోవడమేమిటి?

సుగుణరత్నం గారికి ఫోన్ చేసి చెప్పాను. అందరూ కలిసి అర్జీ పెడితే పనవుతుందన్నాను. నా రిజిస్టర్లో ఖాతాదారుల నంబర్లన్నీ ఉన్నాయి, వాట్సాప్‌లో పంపిస్తాను, మీరు మాట్లాడండి అన్నాను.

ఆవిడ మెత్తగా అన్నారు. "వద్దండి. వాళ్ళు మీకు చెప్పుకున్న నంబర్లు మీరు నాకిచ్చి, నేను తీసుకుంటే, ఇక ఆఫీసులో కూర్చుని నేను చెప్పేదేముంటుందండీ?"

ముప్పయ్యేళ్ళుగా ఈ కౌంటరు వెనక కూర్చుని రకరకాల మనుషుల్ని చూశాను. తన పని చెడుతుందని తెలిసి కూడా తన మాటకి ముందు తానే లోబడిన మనిషిని మాత్రం ఆ రోజే చూశాను. నాకు ఆవిడంటే అప్పటిదాకా ఉన్నది గౌరవం. ఆ క్షణం నుంచి అభిమానం. ఇందులో మొహమాటపడి దాచుకోవాల్సిందేమీ లేదు.

మర్నాడు ఆవిడే వచ్చి అర్జీ కాగితాలు ఒక కట్ట, ఖాళీ కవర్లు ఒక కట్ట నా కౌంటరు మీద పెట్టి వెళ్ళారు. ఇష్టమైనవాళ్ళు ఎవరిది వాళ్ళు సంతకం పెట్టి, కవరు అంటించి, పోస్టులో వేసుకోవాలి. ఒకే కాగితం మీద అందరి సంతకాలూ తీసుకుంటే సరిపోయేది కదా అంటే, "అదీ జాబితాయే కదండీ" అన్నారు. అర్జీలో అడిగింది కొంచెమే. తుపాకీ సరిగ్గా తాళం వేసి దాస్తున్నామో లేదో స్టేషన్ నుంచి ఒక పోలీసాయన వచ్చి కళ్ళతో చూసి, తన ఫైల్లో రాసుకోవచ్చు. ఫొటో వద్దు, లొకేషన్ వద్దు, ఊరి సర్వే వద్దు.

ఈ పద్ధతిలో పని నత్తనడక నడిచింది. కొందరు కవరు తీసుకెళ్ళారు, కొందరు మనకెందుకులే అన్నారు. ఈలోగా ఆవిడ గడువు దగ్గరపడింది. తమ్ముడు ఫ్లాట్‌లో గదికి రంగులు వేయిస్తున్నానని ఫోన్ చేశాడట. "ఫొటో ఇచ్చేస్తే సరిపోయేదేమో అనిపిస్తోందండి ఒక్కోసారి," అన్నారు ఆవిడ.

చివరికి విచారణకి పిలుపు వచ్చింది. డీలరుగా నన్నూ రమ్మన్నారు. విడివిడిగా కవర్లు పంపినవాళ్ళందరినీ ఒకే గదిలోకి పిలిచారు! ఒకరి ముఖాలొకరు చూసుకుని, "మీకూ ఉందాండీ?" అని ఆశ్చర్యపోవడాలు. ఒకాయన ఎదురుగా తన వియ్యంకుణ్ణి చూసి, తుపాకీ లేనట్టే గబగబా మెట్లు దిగిపోయాడు. వీర్రాజు గారు వెనక కుర్చీలో తలొంచుకుని కూర్చున్నాడు.

ఆఫీసరు గారు మర్యాదస్థుడే. "తప్పు చేయనివాళ్ళకి దాచుకునేదేముంటుందమ్మా? మీ భద్రత కోసమే కదా," అన్నారు.

"ఆయుధం ఉందని చెప్పడానికి నాకు అభ్యంతరం లేదండి. ఎక్కడుందో అందరికీ చూపించమంటేనే అభ్యంతరం."

"అందరికీ ఎక్కడమ్మా? యాప్‌లో ఉంటుంది. ఇప్పటివరకూ దీనివల్ల ఎవరికైనా ఇబ్బంది కలిగిందా? ఒక్కరి పేరు చెప్పండి, ఆలోచిస్తాను."

వీర్రాజు గారి పేరు చెబితే చాలు, ఆవిడ గెలిచినట్టే. ఆ గ్రూపు సంగతి నేనే ఆవిడకి చెప్పాను. ఆవిడకి మొత్తం తెలుసు. చెప్పమని నేను కళ్ళతోనే బతిమాలాను.

"తెలుసండి," అన్నారు ఆవిడ. "కానీ అది వాళ్ళింటి విషయం. వాళ్ళని అడక్కుండా నేను చెప్పకూడదండి."

"అలాగైతే మేమేం చెయ్యగలమమ్మా," అని ఆఫీసరు గారు ఫైలు మూశారు. ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు. ఆవిడ చెరువు, ఆ గట్టు మీది ఇల్లు, మూసిన ఫైలుతో పాటు వెళ్ళిపోతున్నాయని నాకు తెలుస్తూనే ఉంది.

వెనక కుర్చీ కిర్రుమంది.

"ఆయ్, నాకేనండి ఇబ్బంది కలిగింది," అన్నాడు వీర్రాజు గారు, నిలబడి. "ఫొటో మా ఊరి గ్రూపులో పడిందండి. మా తోడల్లుడు తుపాకీ అడిగాడు. ఇవ్వలేదండి. అప్పటినుంచి మా ఆవిడ చెల్లెలు మా గడప తొక్కలేదు. ఈ పెద్దావిడకి ఆ సంగతి తెలిసీ చెప్పలేదు చూశారా. నాకు సిగ్గేసి లేచానండి."

గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆఫీసరు గారూ నవ్వబోయి ఆగిపోయారు. ఆయనదీ ఈ వైపు ఊరే. "మా బావమరిదికి నేను ఆఫీసు జీపు ఇవ్వలేదని మూడేళ్ళుగా మాటల్లేవండి," అన్నారు, ఫైలు మళ్ళీ తెరుస్తూ.

పూర్తిగా గెలిచామని చెప్పను. యాప్ ఉంది, అందులో పేర్లూ ఉన్నాయి. మా వరకు ఫొటో, లొకేషన్ తీసేశారు. గ్రూపులో పెట్టినవి చెరిపించారు. స్టేషన్ నుంచి పోలీసాయన వచ్చి తాళం చూసి వెళ్తున్నాడు. సుగుణరత్నం గారి రెన్యువల్ వచ్చింది. తమ్ముడు రంగులేయించిన గదిలో ఇప్పుడు వాళ్ళింటివాళ్ళే కుట్టుమిషను పెట్టుకున్నారట. పేర్లు ఎవరెవరు చూడొచ్చో తేల్చమని ఆవిడ ఇంకా ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు.

నేను మాత్రం మా నాన్నగారి నాటి అట్టముక్కలు తీసేశాను. ఇప్పుడు తుపాకీకి కట్టేది వట్టి నంబరు. పేరు నా రిజిస్టర్లో ఉంటుంది, రిజిస్టరు తాళంలో ఉంటుంది. మనల్ని నమ్మి ఒకరు చెప్పిన సంగతి మన సొంతం కాదని ఆవిడ దగ్గర నేర్చుకున్నాను. దాన్ని మంచి పనికి కూడా వాడే హక్కు మనకి లేదు.

ఆ నేర్చుకున్నదానికి పరీక్ష ఈ మధ్యనే ఎదురైంది. మా బావమరిది కొల్లేరు వైపు ఒక చెరువు లీజుకి తీసుకున్నాడు. షాపుకొచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"బావా, మా పక్క చెరువు పెద్దావిడ, ఆ రిటైరయిన టీచరు గారు, ఆవిడ దగ్గర తుపాకీ ఉందేమో అంటున్నారు. నీ దగ్గరికే వస్తారటగా. నిజమేనా? నువ్వొక్క మాట చెబితే, పక్షుల కోసం ఒక్కపూట..."

"ఏ పెద్దావిడరా?" అన్నాను, నూనె గుడ్డ చేతిలోకి తీసుకుంటూ.

నేను తెప్పించిన కాఫీ ముట్టుకోకుండా వాడు లేచి వెళ్ళిపోయాడు. నేను పిలవలేదు.