సిలబస్ పూర్తి చేయని మాస్టారు

మా ఇంగ్లీషు మాస్టారు పోయారని ఫోను వచ్చేసరికి నేను పేపరు చదువుతున్నాను. మర్నాడు అదే పేపరులో ఒక కోచింగ్ సెంటరు ప్రకటన కింద, నాలుగు లైన్లలో ఆయన వార్త వచ్చింది. తొంభైకి దగ్గరపడ్డ మనిషి. నరసరావుపేటలో సగం మందికి ఇంగ్లీషు నేర్పిన మనిషి. నాలుగు లైన్లు.

సంతాపసభకు వెళ్ళాను. ఒకప్పుడు ఆయన తోటి లెక్చరరు, తరవాత ప్రిన్సిపాలు అయిన పెద్దమనిషి మైకు తీసుకుని, "గొప్ప పండితుడు. ఒక్కటే లోటు, ఏ ఏడూ సిలబస్ పూర్తి చేసేవాడు కాదు" అన్నాడు. సభ నవ్వింది. నాకు మైకు ఇవ్వలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మాస్టారు పాఠాన్ని పద్యంతో మొదలుపెట్టేవారు కాదు. ముందు బోర్డు మీద ఇంగ్లండు, దాని చుట్టూ సముద్రం గీసేవారు. ఎవరు ఏ ఒడ్డున దిగారో బాణాలు వేసేవారు. రోము సైన్యం వెళ్ళిపోయింది, జర్మనీ వైపు తెగలు వచ్చి తమ మాట, తమ పాట నాటాయి, ఆ తరవాత ఉత్తరాన్నుంచి ఓడల మీద దోపిడీగాళ్ళు దిగి మఠాలూ వాటిలోని పుస్తకాలూ తగలబెట్టారు. ఇదంతా అయ్యాకే కవి వచ్చేవాడు. "కవిత్వం పైనుంచి ఊడిపడదురా. దాని కింద ఎవరి కొంప కాలిందో ముందు చూడు" అనేవారు. ఇందాకటి పెద్దమనిషి అమ్మే గైడులో ఈ కాలమంతా కలిపి అర పేజీ.

మేము బీఏ చివరి ఏడాదిలో ఉండగా నార్మన్ల దండయాత్ర పాఠం వచ్చింది. ఫ్రెంచి మాట్లాడే ప్రభువులు ఇంగ్లండును గెలిచాక, కొలువులోనూ కోర్టులోనూ ఫ్రెంచే, చర్చిలో లాటినే. ఇంగ్లీషు పొలాల్లోకీ వంటిళ్ళలోకీ పోయిందని చెప్పారు. మా మొహాలు చూసి, అర్థం కాలేదని గ్రహించి, సుద్దముక్క పెట్టేసి, "పదండి" అన్నారు. క్లాసు మొత్తాన్ని నడిపించుకుంటూ కోర్టుకు తీసుకెళ్ళారు.

ఆ రోజు క్రోసూరు వైపు రైతు ఒకాయన గట్టు తగాదా నడుస్తోంది. ఇద్దరు వకీళ్ళూ జడ్జిగారూ ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడుకున్నారు. రైతు చేతులు కట్టుకుని, ఎవరు మాట్లాడితే వాళ్ళ మొహం చూస్తున్నాడు. బయటికి రాగానే తన వకీలును పట్టుకున్నాడు.

"ఏందయ్యా, మన గట్టు ఉందా, పోయిందా?"

"వాయిదా పడింది. పోయి మళ్ళీ రా."

"అంతసేపు మాట్లాడుకుంది ఇంత మాటేనా?"

మాస్టారు మా వైపు తిరిగారు. "పొలం ఆయనది, తగాదా ఆయనది, మాట మాత్రం ఆయనది కాదు. నార్మన్లు దిగాక ఇంగ్లీషువాడి బతుకు అదే. ఇక పద్యం ఎవడు రాస్తాడు, ఎవడి కోసం రాస్తాడు?"

పల్నాడులో మనిషి కోర్టు మెట్లెక్కాడంటే ఎవరి మీదో కేసు వేసినట్టే. వెంట జనం ఉంటే వాళ్ళు సాక్షులే. సాయంత్రానికల్లా మాస్టారు కాలేజీ మీద దావా వేశారన్న మాట ఊరంతా పాకింది. దాన్ని కాలేజీ నడిపే కరస్పాండెంటు చెవిన వేసింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు. సంతాపసభలో మైకు పట్టుకున్నది ఆయనే. మర్నాడు పొద్దున్నే మాస్టారింటికి మధ్యవర్తులు వచ్చారు. సందేహం అడగడానికి వెళ్ళిన నేను అక్కడే ఉన్నాను.

"ఏంది మాస్టారూ, మనలో మనకి కోర్టులెందుకు? కూర్చుని మాట్లాడుకుంటే పోద్దిగా."

"కేసేంటండీ? నేను పాఠం చెప్పడానికి వెళ్ళాను."

"క్లాసంతా ఎంటేసుకుని కోర్టుకు పోయింది పాఠానికా? ఏ వకీలుని పెట్టారో చెప్పండి చాలు."

"ఎప్పుడో చచ్చిపోయిన ఫ్రెంచి ప్రభువు మీద కేసు. వకీలు ఇంకా దొరకలేదు."

వాళ్ళకు నవ్వు రాలేదు. కరస్పాండెంటు ముందు తప్పయిందని ఒక్క మాట అంటే క్లాసు మీ చేతిలోనే ఉంటుందన్నారు. మాస్టారు, "పాఠం చెప్పినందుకు తప్పయిందంటే, రేపు ఆ పిల్లల ముందు ఏ మొహంతో నిలబడను?" అన్నారు.

ఆయన్ని ఇంటర్ మొదటి ఏడాది గ్రామరుకు వేశారు. మా క్లాసు ఆ పెద్దమనిషి చేతికి వచ్చింది. గైడు చూసి నోట్సు చెప్పాడు. మా పాఠం నార్మన్ల దగ్గర, ఇంగ్లీషు ఓడిపోయిన చోట, ఆగిపోయింది. అది మళ్ళీ ఎట్లా లేచిందో చెప్పేవాడు లేడు. సిలబస్ పూర్తి కాలేదనే మాట పుట్టింది అక్కడ.

ఆ తరవాత సంగతి ఆ సభలో ఎవరికీ తెలియదు. వినుకొండ వైపు పిల్లలం సాయంత్రం పాసింజరు కోసం స్టేషన్లో కాచుకునేవాళ్ళం. పరీక్షల ముందు ఒక రోజు మాస్టారు అక్కడికే వచ్చారు. మా బెంచీ మీద కూర్చుని, పలకరింపు కూడా లేకుండా, ఆగిన చోటునుంచి ఎత్తుకున్నారు.

ఇంగ్లండు మీద మహమ్మారి వచ్చి పడింది. పల్లెలకు పల్లెలు తుడిచిపెట్టుకుపోయాయి. కోతకు మనుషుల్లేరు. మిగిలిన కూలివాడు నోరు తెరిచి, ఇంత ఇస్తేనే వస్తానన్నాడు. దొరకి చేను కోయించుకోవాలంటే వాడి మాట వినక తప్పలేదు. వాడి మాట ఇంగ్లీషు.

పక్కన వేరుశనక్కాయలు అమ్మే ముసలమ్మ తట్ట దించి వింటోంది. "అంతమంది పోయారా? ఏ ఊళ్ళోనయ్యా?"

"మన వైపు కాదులే అమ్మా. ఎప్పటిదో."

"ఎప్పటిదైతే ఏంది. చానా ఘోరం. పోయినోళ్ళు మనుషులేగా."

"అదమ్మా నేను చెప్పేది," అన్నారు మాస్టారు. క్లాసులో మాలో ఎవరికీ దక్కని మెప్పు అది.

బండి వచ్చింది. ఎక్కాం. కవి ఇంకా రాలేదు. బండి కదిలినా మాస్టారు కిటికీ ఊచ పట్టుకుని నడుస్తూ చెబుతూనే ఉన్నారు. కోర్టుల్లో ఇంగ్లీషు వినిపించింది, బడుల్లో వినిపించింది. "అప్పుడొచ్చాడురా కవి. రాజు కొలువులో పనిచేసేవాడు, ఫ్రెంచి బాగా వచ్చినవాడు, జనం మాట్లాడే మాటలో కథలు చెప్పడానికి కూర్చున్నాడు. అయిపోయింది. ఇక చదువుకోండి."

సిలబస్ అక్కడ పూర్తయింది. పెద్దమనిషి సరిదిద్దుకోవచ్చు.

ఊచ వదిలేసరికి ఆయన ప్లాట్‌ఫారం దాటి కంకర మీదికి వచ్చేశారు. నేను తల బయటపెట్టి చూశాను. పట్టాల పక్కన ఒక్కరే నిలబడి, కళ్ళజోడు మీద పడ్డ ఇంజను మసిని పంచె చెంగుతో తుడుచుకుంటున్నారు.