రాళ్ళు నాకిన బాబాయి

మా బాబాయి ఈ లోకంలో చేసిన ఆఖరి పని ఒక గులకరాయిని నాకడం. ఆసుపత్రి మెట్ల పక్కన పూలకుండీలో దొరికిందట.

"అయ్యో, ఏంటండీ ఆ పని!" అని నర్సు కేకేసింది.

"స్ఫటికమమ్మా. రుచీ పచీ లేదు," అని రాయిని మళ్ళీ కుండీలో పెట్టి లోపలికి నడిచాడు. మధ్యాహ్నానికి మాకు లేకుండా పోయాడు.

రాయి కనిపిస్తే ఆయన నాలుక ఆగదు. ముప్ఫయ్యేళ్ళు బడిలో సైన్సు చెప్పాడు. ఖనిజాల పాఠం రోజున పక్క తరగతుల పిల్లలు కూడా కిటికీలకు వేలాడేవారు.

"గోటితో గీస్తే గీత పడిందా? మెత్తనిది. అదే అద్దాన్ని గీసిందా? గట్టిది. పైరంగు చూసి మోసపోకండర్రా, పెంకు మీద రుద్ది చూడండి. నల్లగా కనబడే ఈ ఇనుపరాయి గీసే గీత ఎరుపు!"

"మరి నాలుకో, మాస్టారూ?"

"వస్తున్నా, ఆగరా." నాకేవాడు. తరగతి ఊపిరి బిగబట్టేది. "ఉప్పగా ఉంది, ఉప్పురాయి. ఇదిగో, ఇది నాలుకని పట్టుకుని వదలట్లేదు, సుద్ద. ఆ సీసాలో ఉన్నది సీసపురాయి, విషం, దాని జోలికి నేనూ పోను. మీరు మాత్రం ఏదీ నోట పెట్టకండి. ఈ బడిలో ఆ ఉద్యోగం ఒక్కటే ఉంది, అందులో నేనున్నాను."

బడితో ఆగితే బాగుండేది. చుట్టాలు కొత్త వంటిల్లు చూపిస్తుంటే, వంగి గట్టు బండని నాకాడు. దారి పొడవునా పిన్ని సాధించింది: "కాఫీ ఇచ్చేదాకా ఆగలేకపోయారా?"

నేను ఆయనకు పదడుగులు వెనక నడవడం నేర్చుకున్నది అప్పుడే. ఆయన జేబులో ఎప్పుడూ పిప్పరమెంటు బిళ్ళలుండేవి. రాయి నాకాక ఒకటి నోట్లో వేసుకునేవాడు. ఈ వయసులో ఈ తీపి పిచ్చేమిటని దానికీ సిగ్గుపడ్డాను.

పెద్దయ్యాక మ్యూజియంలో రాళ్ళ విభాగంలోనే ఉద్యోగం వచ్చింది నాకు. కొత్త గది తెరిచిన రోజున అందరికంటే ముందొచ్చాడు, ఇస్త్రీ చొక్కాలో. గది మధ్యలో పెద్ద ఉప్పురాయి, పక్కన 'చేతితో తాకరాదు' అన్న బోర్డు. బాబాయి బోర్డు శ్రద్ధగా చదివాడు. చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు. వంగి, నాకాడు.

మా డైరెక్టరు నా వైపు తిరిగాడు. "ఎవరాయన? మీవాళ్ళా?"

"కాదండీ. ఎవరో బడిపంతులనుకుంటా."

బాబాయికి వినబడింది. నన్నొక్కసారి చూసి, డైరెక్టరుకు దండం పెట్టాడు. "అవునండీ, బడిపంతుల్నే. రాయి అసలుదే, మీరేం దిగులు పడకండి." పిప్పరమెంటు వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఆయన బతికింది మూడు నెలలు. వెళ్ళినప్పుడల్లా క్షమించమని అడగాలనుకుని, వాన గురించి మాట్లాడి వచ్చేవాణ్ణి.

మొన్న పిన్నితో కూర్చుని ఆయన చొక్కాలు మడతపెడుతున్నాను. ఒక జేబులోంచి నాలుగు బిళ్ళలు రాలాయి.

"బాబాయికి ఎంత తీపి పిచ్చో!" అన్నాను.

"తీపా? ఆయనకి తీపి గిట్టదురా. రాయి నాకితే కడుపులో తిప్పేది. ఆ వికారం పోవడానికి అవి."

"మరెందుకు నాకడం?"

పిన్ని మడత ఆపింది. "నీకు గుర్తే లేదూ? ఐదేళ్ళవాడివి, ఆయన వెంట బడికెళ్ళావు. బల్ల మీది స్ఫటికాన్ని కలకండ అనుకుని నోట్లో పెట్టుకున్నావు. పిల్లలంతా గొల్లున నవ్వారు, నువ్వు బావురుమన్నావు. ఈయన ఆ రాయి తీసుకుని తనూ నాకి, 'నవ్వుతారేంట్రా, రాయిని పరీక్షించే పద్ధతే ఇది' అన్నారట."

"సరే, ఆ ఒక్కరోజు. మరి ముప్ఫయ్యేళ్ళూ...?"

"నేనూ అడిగాను, ఇంక మానెయ్యొచ్చుగా అని. తను మానేస్తే, రాయి నాకినవాడివి నువ్వొక్కడివే మిగులుతావట."