ఎక్కడి మంగళవారం?

మా డేటాబేసు బాబాయికి ఎవరైనా టైము చెబితే చాలు, “ఎక్కడి టైము?” అని అడగందే ఊరుకోడు. బంధుత్వమేమీ లేదు, ఆఫీసు డేటాబేసు చూసేది ఆయనే కనక అందరం అలాగే పిలిచేవాళ్ళం. నాది ఆయన పక్క బల్ల.

పళ్ళ డాక్టరు “పదింటికి రండి” అంటే, “ఎక్కడి పదింటికి?” అన్నాడట. ఆ డాక్టరు పుచ్చిన పన్ను వదిలేసి నాలుక పీకి ఉంటే బాగుండేదని పిన్ని ఇప్పటికీ అంటుంది. ఒకసారి ఆవిడే, “ఎనిమిదైంది, భోజనానికి రండి” అని పిలిచింది.

“ఎక్కడి ఎనిమిది?”

“మా పుట్టింటిది! అక్కడికే పోతున్నా, వడ్డించుకు తినండి.”

మేనేజరుకి మాత్రం ఈయనంటే ఒళ్ళుమంట. హాజరు చూసే కొత్త సాఫ్ట్‌వేరు మేనేజరు ఏరికోరి కొన్నది. అది వచ్చాక మొదట సెలవు పెట్టింది మా టెలిఫోన్ ఆపరేటరు. తల్లి ఆపరేషనుకని, ఒక్క మంగళవారం. బుధవారం వచ్చేసరికి ఉద్యోగం లేదు.

“సోమవారం సెలవు పెట్టుకుని పనికొచ్చావు. మంగళవారం చెప్పకుండా మానేశావు. కంప్యూటరు అబద్ధం చెబుతుందా?” అన్నాడు మేనేజరు.

ఆమె ఏడుస్తుంటే అందరూ తెరల్లోకి తలలు దూర్చారు. బాబాయి ఒక్కడే లేచాడు.

“ఎక్కడి మంగళవారమండీ?”

ఈసారి ఎవరూ నవ్వలేదు.

సాయంత్రానికల్లా సంగతి తవ్వి తీశాడు. ఆమె అడిగింది మంగళవారమే. డేటాబేసు దాన్ని మంగళవారం మొదలయ్యే అర్ధరాత్రిగా రాసుకుంది. మా ప్రధాన కార్యాలయం ఉన్నది మనకంటే గంటలకొద్దీ వెనక నడిచే దేశంలో. అక్కడి గడియారానికి మార్చేసరికి ఆ అర్ధరాత్రి కాస్తా సోమవారం సాయంత్రమైంది. ఆపైన గంటలు కత్తిరించి తేదీ ఒక్కటే ఉంచితే, మిగిలింది సోమవారం.

మేనేజరు మొహం మాడ్చుకున్నాడు. “అంటే నేను కొన్నది చెత్తంటారా? పైవాళ్ళకి ఏ మొహంతో చెప్పను? ఆవిణ్ణి మళ్ళీ తీసుకునేది లేదు.”

బాబాయి కాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు. “సాఫ్ట్‌వేరు బంగారమండీ. అమర్చడంలో పొరపాటు నాదని రాయండి.”

అలాగే రాశారు. ఆపరేటరు తిరిగొచ్చింది. బాబాయికి రావలసిన పెద్ద పదవి మేనేజరు బావమరిదికి పోయింది. తప్పును చకచకా సరిదిద్దినందుకు మేనేజరుకి మీటింగులో చప్పట్లు. నేను కొట్టలేదు, అందువల్ల ఆ మోత తగ్గిందీ లేదు.

అన్నిటికన్నా చేదు ఆ ఆపరేటరు మాటలు. జరిగింది తెలియక రోజూ బాబాయి బల్ల దగ్గర ఆగి మరీ దులిపేసేది.

“మీ చేతకానితనానికి మా అమ్మ మందులు ఆగిపోయేవి! అసలు మీకు గడియారం చూడ్డం ఎవరు నేర్పారండీ?”

బాబాయి బుద్ధిగా తల వంచుకునేవాడు. ఓ రోజు ఉండబట్టలేక, “ఉన్నమాట చెప్పేస్తాను బాబాయ్” అన్నాను.

“నోరు మూసుకోరా,” అన్నాడు మెల్లగా. “పొద్దున్నే వచ్చి తిడుతోందంటే ఉద్యోగానికి వస్తున్నట్టేగా! పైగా ఇవాళ గొంతు ఎంత గట్టిగా ఉందో చూశావా? వాళ్ళమ్మ కోలుకున్నట్టుంది.”