ఆటకి రాతిబ్ వచ్చిన ఏడాది

ఇది నేను ఎప్పుడో రాయాల్సింది. అప్పటికి నాకు అక్షరాలన్నీ రాలేదు. గుణింతాల దగ్గర చాన్నాళ్ళు ఆగిపోయాను, ఒత్తుల దగ్గర మరీ వెనకపడ్డాను. తీరా అన్నీ వచ్చాయనుకున్నాక పాత కుడి భుజం నొప్పి అడ్డం వచ్చింది. నాలుగు ముక్కలు రాస్తే చెయ్యి లేచేది కాదు. మాపు పట్టుకుంటే లేని నొప్పి కలం పట్టుకుంటే ఎక్కణ్ణించి వచ్చిందే అని రూమ్‌లో వాళ్ళు నవ్వేవాళ్ళు. మాపు పట్టుకున్నా ఎప్పణ్ణించో ఉండేది. మొదట్లో పైకి చెప్పలేదు, అంతే.

మాది గోదావరి జిల్లా. ఇంటిపని వీసా మీద ఒమన్ వచ్చాను. కొన్నేళ్ళు ఒక ఇంట్లో చేసి, తరవాత సీబ్‌లో ఒక కాలేజీలో క్లీనింగ్ పనికి మారాను. ఆడపిల్లలు వాలీబాల్ ఆడే హాల్లో నాకు డ్యూటీ పడింది. చెక్క నేల. చెమట చుక్క పడినా పిల్లలు జారిపోతారు. అందుకని ఆట జరిగినంతసేపూ మాపు పట్టుకుని గోడవారన నిలబడాలి, కోచ్ మేడమ్ వేలు చూపిస్తే పరిగెత్తి తుడిచి రావాలి. కూర్చుని ఒక్క ఆటా చూడలేదు గానీ, నిలబడి నేను చూసినన్ని ఆటలు ఎవరూ చూసి ఉండరు.

జట్టులో అందరూ ఒమానీ అమ్మాయిలే, ఒక్కతే తెలుగు పిల్ల. వాళ్ళది కడప, పిల్ల పుట్టింది మాత్రం ఇక్కడే. ఇల్లు దార్సైట్‌లో, తండ్రికి ఒక ఆఫీసులో ఉద్యోగం. దార్సైట్ అమ్మాయి అనే నేను చెప్పుకుంటాను. ఇంకొకతె సువైక్ అమ్మాయి. వాళ్ళ నాన్నకి సువైక్‌లో ఖర్జూరం తోట ఉంది. రోజూ వచ్చిపోవడానికి దూరం కాబట్టి హాస్టల్లో ఉండేది. ఈ ఇద్దరూ ఒక్క సీసాలో నీళ్ళు తాగేంత స్నేహం.

మొదట్లో దార్సైట్ అమ్మాయి నన్ను ఆంటీ అనేది. ఆంటీ అని కిరాణా కొట్టువాడు కూడా పిలుస్తాడు, పిన్నీ అను అన్నాను. అప్పణ్ణించి పిన్ని అయ్యాను. తెలుగు గలగలా మాట్లాడేది గానీ చదవడం రాదు, స్కూల్లో హిందీ తీసుకుందట. ఊళ్ళో అమ్మమ్మకి మెసేజ్‌లు పెట్టాలని అప్పుడే వాళ్ళమ్మ దగ్గర అక్షరాలు దిద్దుతోంది. ఒకరోజు నా ఫోన్ ఇచ్చి, ఊరి నుంచి ఏదో వచ్చింది, చదివి పెట్టమన్నాను. కాసేపు చూసి బుర్ర గోక్కుంది.

"పిన్నీ, నేనింకా 'ఆ' దగ్గరే ఉన్నా."

మర్నాటి నుంచి ముందురోజు ఇంట్లో నేర్చుకున్న అక్షరం నాకు చెప్పడం మొదలుపెట్టింది. మిగతావాళ్ళు వచ్చేలోపు పిండిన తడి మాపుతో నేలమీద నిలువెత్తున రాసేది. దాని మీద నేను మాపు తిప్పాలి. ఏసీ గాలికి ఆరిపోయేలోపు చూసుకోవాలి. 'ఖ' ఒక్కటి నాకు ఎన్నిసార్లు చూసినా పట్టుబడకుండానే ఆరిపోయేది. సువైక్ అమ్మాయి వచ్చి చూసి, మీవి అక్షరాలా జిలేబీలా అనేది. అది తరాల కిందటే ఇక్కడ స్థిరపడ్డ బలూచీల పిల్ల, సినిమాలు చూసి హిందీ నేర్చింది. నాతో సగం హిందీ, సగం అరబ్బీ.

ఆట అయ్యాక అందరూ కలిసి బంతులు ఏరి వల సంచిలో వేసేవాళ్ళు, నెట్ దింపి చుట్టేవాళ్ళు. నేను వంగబోతే నువ్వుండు అనేవాళ్ళు. ఆ తరవాత సువైక్ అమ్మాయి ఫ్లాస్కు తీసేది. ఖావా, అంటే ఇక్కడి కాఫీ, దాంతో ఇంటి ఖర్జూరాలు. నేలమీదే చుట్టూ కూర్చునేవాళ్ళు, నాకూ ఒక కప్పు ఇచ్చేవాళ్ళు. ఇక చాలు అనడానికి ఇక్కడ కప్పు అటూఇటూ ఊపాలి. నాకది తెలియదు. మొదటిరోజు పోసినదల్లా మర్యాదకి తాగుతూ కూర్చున్నాను. ఆ పిల్ల పోస్తూనే ఉంది, ఫ్లాస్కు అయిపోయింది. ఆ సంగతి చెప్పుకుని ఏడాదంతా నవ్వారు.

ఆ ఏడాదే ఒక కంపెనీవాళ్ళు జట్టుకి డబ్బులిస్తామని వచ్చారు. కాలేజీల పోటీల్లో బాగా ఆడాలి, చొక్కా మీద వాళ్ళ గుర్తు వేసుకోవాలి. కోర్టులో దిగే ఆరుగురికి నెలనెలా జీతం. బెంచీ మీద ఉండేవాళ్ళకి లేదు. జీతాన్ని ఇక్కడ రాతిబ్ అంటారు. నీళ్ళని ఏమంటారో తెలియకముందే నాకు రాతిబ్ అంటే తెలుసు. ఆటకి రాతిబ్ ఏమిటే, ఇంక నిద్రపోయినా ఇస్తారేమో అన్నాను. దార్సైట్ అమ్మాయి గంతులేసింది. ఆరుగురిలో తనుంది. సువైక్ అమ్మాయి ఏడోది.

నాకు అందులో తప్పు కనపడలేదు, ఇప్పటికీ కనపడదు. ఒళ్ళు హూనం చేసుకుని ఆడుతున్నారు, డబ్బు తీసుకుంటే సిగ్గేముంది. పైగా దార్సైట్ అమ్మాయి తండ్రి అంతకుముందు ఆట మానిపించాలని చూసేవాడు, చదువుకోమని పంపిస్తే గెంతులేమిటని. రాతిబ్ వచ్చాక అది ఫీజుకి కలిసొచ్చింది. తనే కారులో దింపడం, ఎక్కించుకోవడం మొదలుపెట్టాడు. నీ మ్యాచ్ ఎప్పుడమ్మా అని నాన్న మొట్టమొదటిసారి అడిగాడని ఆ పిల్ల నాతో చెప్పిన రోజు మొహం వెలిగిపోయింది.

హాల్లో మాత్రం గాలి మారింది. తేడా ముందు బంతుల దగ్గర వచ్చింది. బెంచీ అమ్మాయిలు ఏరడం మానేశారు, రాతిబ్ ఉన్నవాళ్ళు ఏరుకుంటారులే అన్నారు. ఆ ఆరుగురేమో, మాకిచ్చేది ఆడినందుకు గానీ ఏరినందుకు కాదన్నారు. వింటే రెండూ న్యాయంగానే ఉన్నాయి. బంతులు మాత్రం హాలంతా పడి ఉండేవి. నేనే ఏరేదాన్ని, వంగి లేచినప్పుడల్లా భుజంలో సూదులు గుచ్చినట్టుండేది. కోచ్ మేడమ్ ట్యునీషియా ఆవిడ. కోప్పడితే ఆ రోజుకి ఏరేవాళ్ళు, మర్నాడు మళ్ళీ మామూలే. ఖావా ఫ్లాస్కు కూడా రావడం తగ్గి, మెల్లగా మానేసింది. ఒకసారి దార్సైట్ అమ్మాయి చేతుల్లోంచి తేలిక బంతి జారిపోతే, బెంచీ మీంచి ఎవరో "రాతిబ్ కట్" అన్నారు. అందరూ నవ్వారు, తనూ నవ్వింది. సువైక్ అమ్మాయి ఒక్కతే నవ్వలేదు. అలాగని అన్నవాళ్ళని ఏమీ అనలేదు.

ఆట పాడైందని చెప్పను. అందరూ వేళకి వచ్చేవాళ్ళు, పోయే బంతి కోసం నేలమీద పడిపోయేవాళ్ళు. కానీ ఎవరికి ఎక్కడ నొప్పొచ్చినా చెప్పడం మానేశారు. ఇదివరకు వేలు బెణికితే హాలంతా వినపడేలా ఏడ్చే పిల్లలు.

పోటీలు దగ్గరపడుతున్నప్పుడు ఒకరోజు దార్సైట్ అమ్మాయి ముందే వచ్చింది గానీ మాపు అడగలేదు. బట్టలు మార్చుకునే గదిలో కూర్చుని నన్ను పిలిచింది. సాక్సు తీస్తే చీలమండ బూరెలా ఉబ్బి ఉంది, పక్కన నీలంగా కమిలింది. ఎగిరి దిగడంలో కాలు మడతపడిందట. గుడ్డతో బిగించి కట్టు కట్టమంది.

"మేడమ్‌కి చెప్పవేంటే?"

"చెప్తే బెంచీ మీద కూచోబెడుతుంది. ఏడో నంబర్ దిగుతుంది. నా రాతిబ్ దానికి పోతుంది. రాతిబ్ పోతే నాన్న ఆట మానిపించేస్తాడు. ఎవరికీ చెప్పకు పిన్నీ."

ఏడో నంబర్ అంటే ఎవరో నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. నెల కిందటిదాకా సువైక్ అమ్మాయిని పేరు పెట్టి తప్ప పిలవలేదు.

కట్టు కట్టాను. ఆ పిల్ల చెప్పింది నాకూ నిజమే అనిపించింది. డ్యూటీ లేకపోతే జీతం లేదు. అది నాకు ఏ అర్బాబూ, అంటే ఏ యజమానీ, చెప్పలేదు. వచ్చిన రోజు నుంచి మాలో మేం చెప్పుకున్నదే. ఇంటిపని చేసే రోజుల్లో చెయ్యి కాలితే రబ్బరు గ్లౌజు తొడుక్కుని గిన్నెలు తోమాను. ఇంటికి పంపించేస్తారని భయం. పంపిస్తారా అని అడగలేదు, అడిగితే లేని ఆలోచన మనమే పుట్టించినట్టవుతుందని.

ఆ రోజు ఆ పిల్ల ఆడుతుంటే నేను నేల చూడలేదు, కాలే చూశాను. దిగిన ప్రతిసారీ పెదవి కొరుక్కుంటోంది. మేడమ్ రెండుసార్లు వేలు చూపిస్తే గానీ నేను కదల్లేదు. చివరికి ఒంటికాలి మీద దిగడం మొదలుపెట్టింది. ఆట అయ్యాక గోడ పట్టుకుని నడిచి, నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది, చెప్పొద్దని.

మర్నాడు మళ్ళీ కట్టు కట్టమని వచ్చింది. కాలు ఇంకా లావైంది, వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోతోంది. ఇలాగే ఆడితే రాతిబ్ సంగతి అలా ఉంచి ఆ పిల్ల మరి ఎగరలేదని నాకు తెలిసిపోయింది. ఇప్పుడే గుడ్డ తెస్తానని చెప్పి బయటికి వచ్చాను. మేడమ్ దగ్గరికి వెళ్ళడానికి నాకు మాట చాలదు, ధైర్యమూ చాలదు. హాస్టల్ వరండాలో సువైక్ అమ్మాయి కనపడింది. ఎవరికి చెప్పకూడదో ఆ పిల్లకే చెప్పేశాను.

 ఆ పిల్ల నెమ్మదిగా అడిగింది.

"దాని రిజ్క్ నేను తింటాననుకుందా?"

రిజ్క్ అంటే పైవాడు మన నోటికని రాసిపెట్టిన ముద్ద.  ఆ పిల్ల చెప్పులు వేసుకుని విసవిసా హాలుకి నడిచింది. వెనకాల నేను, ఒకరి నోటి దగ్గర కూడు నేనే తీసేశానేమో అనుకుంటూ.

సువైక్ అమ్మాయి తిన్నగా బట్టల గదిలోకి వెళ్ళి, ఆ పిల్ల ముందు నేలమీద కూర్చుని, కాలు ఒళ్ళో పెట్టుకుంది. చూసింది. ఇద్దరికీ అర్థమయ్యే హిందీలో అంది:

"నీ రాతిబ్ నాకొద్దు. నీ కాలు కూడా నాకొద్దు, చూడు ఎలా ఉందో, ఒంటె మోకాలిలా."

దార్సైట్ అమ్మాయి నా వైపు చూసింది. "చెప్పేశావా పిన్నీ?"

"చెప్పేశాను."

నన్ను తిట్టలేదు. ఏడ్చేసింది, కాలు మాత్రం వెనక్కి తీసుకోలేదు.

మేడమ్ వచ్చింది. సువైక్ అమ్మాయి అరబ్బీలో గబగబా చెప్పుకుపోయింది. మాటమాటకీ రాతిబ్ అన్నది ఒక్కటే నాకు తెలిసింది. మిగతాది తరవాత పిల్లలు చెప్పారు. దెబ్బ తగిలితే రాతిబ్ పోతుందని మీకెవరు చెప్పారని మేడమ్ అడిగిందట. ఎవరూ చెప్పలేదు. పోదని మాత్రం ఎవరు చెప్పారని సువైక్ అమ్మాయి ఎదురడిగింది. అదీ ఎవరూ చెప్పలేదు. మేడమ్‌కీ తెలియదు. డబ్బులిచ్చేటప్పుడు అంతదూరం ఎవరూ ఆలోచించలేదు. అందరినీ కూర్చోమని, కాలికి ఐస్ పెట్టించి, తండ్రికి ఫోన్ చేసి, తను ఆఫీసుకి వెళ్ళింది.

ఆ రోజు ఆట లేదు. హాల్లో అందరూ కూర్చున్నారు. ఆరుగురు ఒకపక్క, బెంచీవాళ్ళు ఒకపక్క. నేను ఆరిపోయిన నేలనే తుడుస్తున్నాను. తండ్రి ఆఫీసు బట్టల్లోనే పరుగున వచ్చాడు. ఆయన నోరు తెరిచేలోపే ఆ పిల్ల అంది, రాతిబ్ రాకపోయినా నేను ఆడతా నాన్నా అని. ఆయన ఆ మాట విన్నట్టే లేదు. కాలే చూస్తున్నాడు.

"నిన్న కారు కాడికి నిదానంగా వస్తాంటివి. బిరీన నడువు అని హారన్ కొట్టినా గదమ్మా."

అంతే అన్నాడు. కూతురి బూటు చేతిలోకి తీసుకుని, ఏం చెయ్యాలో తెలియనట్టు పట్టుకుని కూర్చున్నాడు. ఆయన ఆట మానిపించడని నాకు అప్పుడే తెలిసింది.

మేడమ్ తిరిగొచ్చేసరికి చాలాసేపైంది. కాలేజీవాళ్ళు కంపెనీవాళ్ళని అడిగారట. దెబ్బ తగిలినవాళ్ళ రాతిబ్ వాళ్ళదే, ఆగదు. వాళ్ళ బదులు దిగినవాళ్ళకి దిగినన్నాళ్ళు వేరే ఇస్తారు. అడగ్గానే సరేనన్నారట, అసలు అందులో గొడవేముందన్నట్టు. ఇన్ని వారాల భయం ఒక్క ఫోన్‌తో పోయింది. నాకు ఒళ్ళు తేలికై, మాపు మీద వాలిపోయాను.

బెంచీ మీంచి ఒక అమ్మాయి చెయ్యెత్తింది. "మరి బంతులకి?"

మేడమ్ నవ్వు ఆపుకుంది. "బంతులకి రాతిబ్ లేదు. అందరూ ఏరండి."

నిన్నటి బంతి ఒకటి మూల పడి ఉంటే ఇద్దరు ముగ్గురు ఒకేసారి లేచారు. రోజూ అలాగే లేచారని కాదు. ఆ తరవాత కూడా కొన్ని రోజులు నేనే ఏరాను. పోటీల్లో సువైక్ అమ్మాయి దిగింది, మా జట్టు ఓడిపోయింది. అప్పుడు దార్సైట్ అమ్మాయి బెంచీ మీద కూర్చుని అందరికంటే గట్టిగా అరిచింది. ఫ్లాస్కు మళ్ళీ వచ్చింది. ఖావాలో ఉన్నదే నీ 'ఖ' పిన్నీ అంటే, అప్పుడు పట్టుబడింది నాకు. ఇవన్నీ తరవాతి సంగతులు.

ఆ సాయంత్రం ఆస్పత్రి నుంచి ఆ పిల్ల ఫోన్ చేసింది. ఎముక విరగలేదట, నరం సాగిందట, కొన్ని వారాలు కాలు కింద పెట్టకూడదట. "నువ్వు చెప్పకపోతే విరిగేదన్నాడు డాక్టరు. అయినా నీకు ఇంకే సీక్రెట్ చెప్పను పిన్నీ" అంది. వద్దులే తల్లీ అన్నాను. ఆ రాత్రి ఏ పక్కకి తిరిగినా భుజం గుర్తుకు రాకుండా నిద్రపట్టింది.

మర్నాడు పొద్దున డ్యూటీకి ముందే సూపర్‌వైజర్ గదికి వెళ్ళాను. కేరళ అతను, టీ తాగుతున్నాడు. కుడిచెయ్యి ఎంతవరకు లేస్తుందో అంతవరకు లేపి చూపించాను, చెవి దాకా కూడా రాలేదు. ఇవాళ దీన్ని డాక్టరుకి చూపించుకుంటాను, జీతం కట్ అవుతుందా అని హిందీలో అడిగాను. కప్పు కింద పెట్టి నా చెయ్యి చూశాడు. డాక్టరు చీటీ తీసుకురా, కట్ అవదు, ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉందన్నాడు. చాన్నాళ్ళే అన్నాను. హాలు తాళాలు అతని బల్ల మీద పెట్టి, బస్సు ఎక్కడ ఆగుతుందో అడిగి తెలుసుకుని బయల్దేరాను.