చేత్తో రాసిన కవర్లు

లక్ష్మీకుమారికి అనుమానం పుట్టుకతో వచ్చింది కాదు, ఉద్యోగంతో వచ్చింది. కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో ముప్పై ఏళ్లు డిస్పాచ్ సెక్షన్‌లో కూర్చుంటే ఎవరికైనా వస్తుంది మరి! కవరు చూసి లోపల ఏముందో చెప్పగలదావిడ. రిటైరయ్యాక మయూర్ విహార్‌లో తమ కాలనీ తెలుగు సంఘానికి కార్యదర్శి అయింది. రెండు వందల కుటుంబాల చిరునామాల రిజిస్టరు ఆవిడ బీరువాలోనే ఉంటుంది.

కార్పొరేషన్ ఎన్నికలొచ్చాయి. ఒక అభ్యర్థి నుంచి కాలనీ తెలుగువాళ్లందరికీ పోస్టులో ఉత్తరాలొచ్చాయి. హిందీ కరపత్రమైతే నేరుగా చెత్తబుట్టలోకి పోయేది. ఇది అలా కాదు. కవరు మీద పేరు తెలుగులో, చేత్తో, చివర ‘గారికి’ అని మర్యాదగా రాసి ఉంది. ఢిల్లీలో అలాంటి కవరొస్తే విప్పని తెలుగువాడుంటాడా? విప్పితే లోపల ఓటు గోల.

మన అడ్రసులు వాడికెవరిచ్చారని సంఘంలో ఒకటే గగ్గోలు. లక్ష్మీకుమారి తడుముకోలేదు. వనభోజనాల పిలుపుల కోసం రిజిస్టరు పట్టుకెళ్లింది సహాయ కార్యదర్శి శేషగిరి ఒక్కడే. “ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేను పట్టాను” అని వాట్సాప్ గ్రూపులో పెట్టేసింది. ఆదివారం మీటింగులో అతన్ని తీసేయాలని తీర్మానం.

శనివారం కొత్తిమీర కోసం పై అంతస్తులో వీణ దగ్గరికి వెళ్లింది.

“ఆంటీ, మీకొచ్చిన ఉత్తరంలోనూ ఇదే ఉందా?”

“మాకు రాలేదమ్మా.”

“అచ్ఛా? అందరికీ వచ్చిందే!”

గ్రూపులో అందరూ లోపలి కాగితం ఫొటోలే పెట్టారు. కవరు ఆవిడ చూడనేలేదు. వీణ తీసిచ్చింది. ‘గారికి’లో గుండ్రంగా చుట్టిన ఆ అక్షరాలు చూడగానే కవరును కళ్లకు దగ్గరగా పెట్టుకుంది. ముప్పై నాలుగేళ్లుగా ఇంటి సరుకుల చీటీల్లో చూస్తున్న రాత అది. సాక్షాత్తూ మొగుడి రాత!

ఇంటికొచ్చి కవరు అనంతరామయ్య ముందు పడేసింది. “ఏమిటండీ ఇది?”

ఆయన పేపరు మడిచాడు. “నా చేతిరాత ముత్యాల్లా ఉందన్నారే ఆ అభ్యర్థి మనుషులు. రిటైరయ్యాక ఏడేళ్లలో నన్నెవరైనా ఒక పని అడిగారా? రిజిస్టరు ఇంట్లోనే ఉంది కదా అని...”

“మరి మనింటికి ఎందుకు రాయలేదు?”

“నువ్వు చూస్తే పట్టేస్తావుగా!”

ఆవిడకి ఒళ్లు మండిపోయింది. జాలి కూడా వేసింది, దాంతో ఇంకా మండింది. శేషగిరి పరువు బజారున పడ్డ వారం రోజులూ ఈ మనిషి పక్కనే కూర్చుని తాపీగా టీ తాగాడు!

“రేపు తీర్మానం ఆపేయ్, చాలు. కారణం చెప్పడమెందుకు?” అన్నాడాయన. అబద్ధమెందుకు, ఆ మాట ఆవిడకీ తోచింది. గట్టిగానే తోచింది.

ఆదివారం మీటింగులో లేచి నిలబడింది. “ఆ కవర్లు రాసింది మావారు. అడ్రసులు పోయింది మా ఇంట్లోంచి. శేషగిరి ఏ తప్పూ చేయలేదు. తొందరపడి నింద వేసింది నేను. తప్పుకోవాల్సిందీ నేనే.”

ఆవిడ శేషగిరి దగ్గరికెళ్లి చేతులు జోడించింది. అతను కంగారుగా ఆ చేతులు పట్టుకుని కిందికి దించాడు.

“ముందే నన్నొక్క మాట అడగాల్సింది, మేడమ్” అన్నాడు.

పదిహేనేళ్లుగా నోరారా అక్కయ్యా అని పిలిచిన మనిషి.