ఆంటీ కుట్టించుకున్న డిగ్రీ

పోయిన ఆదివారం పొద్దున పక్కింటి అంకుల్ ఫోన్ చేశారు. ఆంటీ నిద్రలోనే వెళ్ళిపోయారట. "రాత్రి కూడా నా కంచంలో అన్నం తగ్గించిందమ్మా," అన్నారు. ఏడుస్తున్నదాన్నే నవ్వేశాను. ఆవిడను తలుచుకుంటే ఎప్పుడూ అంతే.

ఎనభైల మొదట్లో, అమెరికాలోని పిస్కాటవేలో, నేను లెక్కలు చదవడానికి కాలేజీలో చేరిన ఏడాదే నలభై దాటిన ఆంటీ కూడా అక్కడే చేరారు. నా కారులోనే వచ్చేవారు. ఎక్కగానే మాటలు మొదలయ్యేవి. పార్కింగ్ దొరికాక కూడా ఆగేవి కావు.

అంతకుముందు ఆవిడ ఒక ఆసుపత్రి వంటశాలలో భోజనం ట్రేలు సర్దేవారు. రోగుల్లో మనవాళ్ళూ, చైనా వాళ్ళూ చాలామంది వాటిని ముట్టకుండానే తిప్పి పంపేవారట. ఆ సంగతే చదవాలని ఆవిడ పట్టుదల. ఉన్న మేజర్లు, అంటే ప్రధాన సబ్జెక్టులు, ఏవీ సరిపోకపోతే, వేరువేరు శాఖల కోర్సులు కలిపి ఎవరి డిగ్రీ వాళ్ళే తయారుచేసుకునే వీలు మా కాలేజీలో ఉండేది. ఒక కమిటీ ఒప్పుకోవాలి, అంతే. న్యూట్రిషన్‌కి, మనుషుల ఆచారాలూ అలవాట్లూ చదివే ఆంత్రపాలజీ కలుపుతానన్నారు ఆంటీ. ఎవరూ వినని డిగ్రీకి ఉద్యోగం ఎవరిస్తారని, మామూలు న్యూట్రిషన్ మేజర్ తీసుకోమని అంకుల్ ఎంతగానో నచ్చజెప్పారు.

కమిటీ ముందుకు వెళ్ళిన రోజు నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. తలుపు ఓరగా తెరిచి ఉంది. మామూలు మేజర్ ఎందుకు చాలదని ఒక ప్రొఫెసర్ అడిగాడు. ఆంటీ తన బందరు ఇంగ్లీషులో నిదానంగా చెప్పారు. "అది చదివితే పేషెంట్ ఏం తినాలో తెలుస్తుంది. ఎందుకు తినట్లేదో కూడా నాకు తెలియాలి."

ఆ ప్రశ్న అడిగినాయనే, వాళ్ళమ్మ ఆసుపత్రిలో ఏమేం తినలేదో చెప్పడం మొదలుపెట్టాడు. డిగ్రీకి ఒప్పుకున్నారు.

నాకూ ఊపొచ్చింది. నేనూ సొంత డిగ్రీ చేసుకుంటానని తిరిగొచ్చేటప్పుడు ప్రకటించాను. లెక్కలకి ఏం కలుపుతావని ఆంటీ అడిగారు. సంగీతం అన్నాను. కాసేపాగి సైకాలజీ అన్నాను.

"లెక్కలు చేస్తుంటే నీకు టైమే తెలీదు కదమ్మా, మరి లెక్కలే చదువు. నాకు సరిపోయేది దొరక్క కుట్టించుకున్నాను. నీకు రెడీమేడ్ సరిపోతుంటే విప్పి కుట్టడం దేనికి?"

రెండు రోజులు అలిగాను. తర్వాత లెక్కలే చదివాను. రిటైరయ్యేదాకా హైస్కూల్లో ఆల్జీబ్రా చెప్పాను, హాయిగా.

ఆంటీకి మాత్రం డిగ్రీ అయ్యాక డైటీషియన్ లైసెన్సు కోసం మళ్ళీ కొన్ని కోర్సులు చదవాల్సి వచ్చింది. నేను ముందే చెప్పానా అన్నారు అంకుల్. చెప్పారు, ఇక కారు తీయండి, క్లాసుకి టైమవుతోంది అన్నారు ఆంటీ. చివరికి ఆ ఆసుపత్రే ఆవిడను డైటీషియన్‌గా తీసుకుంది.

ఇప్పుడు నా కళ్ళకు కట్టేది ఆవిడ గ్రాడ్యుయేషన్ రోజు. పార్కింగ్ లాట్‌లో అంకుల్, తాను స్వయంగా కలిపిన పులిహోర కాగితం ప్లేట్లలో పెట్టి కమిటీ ప్రొఫెసర్లకు కొసరి కొసరి వడ్డిస్తున్నారు. ఆంటీ స్టేషన్ వ్యాగన్ కారు వెనక తలుపు కిందికి దించి, దాని మీద ఎక్కి కూర్చున్నారు. పట్టుచీర మీద నల్ల గౌను, మోచేతుల దాకా మడిచిన దాని చేతులు. ఎండుమిరపకాయ పక్కకు తీసి, నేలకందని కాళ్ళు ఊపుకుంటూ తింటున్నారు.