ఫ్యాను కింది కుర్చీ

బుక్కరాయసముద్రం లెక్కల టీచర్ల సంఘానికి అధ్యక్షుడైన సుదర్శన్ సారుకు పెద్దరికం చలాయించడమంటే గిట్టదు. ప్రతి సమావేశానికీ ముందే వచ్చి, తాడూ సుద్దముక్కా పట్టుకుని, గది మధ్యలో వంగి పెద్ద వృత్తం గీస్తాడు. ఆ గీత మీదే కుర్చీలు వేయిస్తాడు. "గుండ్రంగా కూచుంటే పెద్దా చిన్నా ఉండదప్పా" అంటూనే, ఆ గదిలో ఓ పక్కగా తిరిగే ఒకే ఒక్క ఫ్యాను కింది కుర్చీలో తన చేతిరుమాలు పరుస్తాడు. మొన్న ఏప్రిల్‌లో, కొత్తగా వచ్చిన అనుపమ టీచరు రుమాలు పడకముందే ఆ కుర్చీలో కూర్చుంది. సారు ఆమె ముందు నిలబడి చాలాసేపు మెడ తుడుచుకున్నాడు. "ఏం సార్, యాడ కూచున్నా ఒకటే అంటిరి కదా?" అందామె. సారు ఆమెను లేపి, సరిగ్గా ఫ్యాను కింద చుక్క పెట్టి, దాని చుట్టూ కొత్త వృత్తం గీశాడు. ఆ పూట గాలంతా నడుమ ఖాళీ నేలకే తగిలింది. చుట్టూ కూర్చున్న వాళ్లందరికీ, సారుతో సహా, సమానంగా చెమట పట్టింది.